మూడో డబ్బా

పోయిన వారం మిమ్మల్ని మా పడవల షెడ్డు గుమ్మంలో నిలబెట్టి చక్కాపోయానని ఎంతమంది తిట్టుకున్నారో నాకు తెలుసు. తిట్టుకోండి, పడతాను. కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం జరిగిందంతా నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. పాతవాళ్ళు ఈలోగా కాఫీ కలుపుకోండి.

నేను లొరైన్ టియర్నీని, ఊరందరికీ లోరీని. మాది క్వీన్స్‌లాండ్ తీరంలో వర్రాబీ. నా తమ్ముడు రస్సెల్ మా సర్ఫ్ క్లబ్బు ఐరన్‌మ్యాన్. సముద్రంలో ఈది, బోర్డు మీద వెళ్ళొచ్చి, స్కీ ఎక్కి తెడ్డేసి, చివర ఇసుకలో పరుగెత్తి, ఇవన్నీ ఊపిరి తిప్పుకోకుండా చేసే ఆట అది. ఆ ఆటనే ఉద్యోగం చేసుకుని బతికిన మొదటి తరం కుర్రాళ్ళలో మావాడొకడు. ఎనభై తొమ్మిదిలో జాతీయ పోటీల ఫైనల్లో అందరికన్నా ముందుండి కూడా, వెనక మునిగిపోతున్న పోటీదారుడి కోసం స్కీ తిప్పి, అతన్ని కాపాడి, బంగారు పతకం పోగొట్టుకున్నాడు. అప్పట్నించి ఈ తీరంలో వాడి పేరు చెబితే పిల్లలు కూడా లేచి నిలబడతారు. మా కొత్త పడవకి ఆదివారం వాడి పేరే పెడుతున్నారు. పడవ ముక్కు మీద సీసా పగలగొట్టి ఆ పేరు పెట్టడానికి మా అధ్యక్షురాలు గ్లెనిస్ ఎవర్ని పిలిచిందంటే, ఆ రోజు మావాడు కాపాడిన కెల్విన్ బ్రాడీని. ఆ కెల్విన్ ఒకరోజు ముందే, శనివారం మధ్యాహ్నం ఊడిపడి, షెడ్డు గుమ్మంలో నిలబడి, "ఆ పేరున్న పడవ మీద నేను సీసా కొట్టను" అన్నాడు.

అదీ సంగతి. ఇక వినండి.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చేతిలో ఉన్న పడవ తుడిచే గుడ్డని నేలకేసి కొట్టాను.

"ఏమయ్యా పెద్దమనిషీ! ముప్ఫై ఏళ్ళలో ఒక్క క్రిస్మస్ కార్డు రాయలేదు. మా నాన్న పోతే ఫోనైనా చెయ్యలేదు. ప్రాణం పోసినవాడి ముందు నిలబడి అనాల్సిన మాటేనా అది? టువూంబాలో కొట్టు పెట్టుకుని టైర్లతోపాటు సిగ్గు కూడా అమ్మేసుకున్నావా?"

"నువ్వేం మారలేదు లోరీ," అన్నాడు కెల్విన్.

"మారి ఏం చెయ్యమంటావు, నీలాగా బూట్లేసుకు తిరగమంటావా?"

నిజంగానే బూట్లేసుకొచ్చాడు. తోలు బూట్లు, మేజోళ్ళు. మా షెడ్డులోకి బూట్లతో ఎవరూ రారు. ఒకప్పుడు ఈ తీరంలో మావాడికి ఎదురు నిలిచిన ఏకైక మొనగాడు వీడేనా అనిపించింది. జుట్టంతా నెరిసింది. ఎడమ భుజం కిందికి జారి, చొక్కా ఒక పక్కకి వాలిపోయి ఉంది. అది చూసి కాస్త జాలేసింది కానీ కోపం పోలేదు.

రస్సెల్ పడవ పక్కన బకెట్టు బోర్లేసుకుని కూర్చుని ఉన్నాడు. లేవలేదు. "అక్కా, ఊరుకో. మనిషి అంత దూరం నుంచి ఎండలో బండి నడుపుకుంటూ వచ్చాడు. ముందు టీ పెట్టు," అన్నాడు.

"టీ ఒక్కటే తక్కువ!" అంటూనే కెటిల్ మీట నొక్కాను.

గ్లెనిస్ ఆదివారం కోసం కొబ్బరికోరులో దొర్లించి చేసిన లామింగ్టన్ కేకుల పళ్ళెం పట్టుకుని ఒక మూల నిలబడింది. మామూలుగా ఆవిడ గొంతు లేని చోట గాలి కూడా ఆడదు. ఆ రోజు మాత్రం కిక్కురుమనలేదు. అతిథి ఇలా అడ్డం తిరిగినందుకు తల కొట్టేసినట్టయిందేమో పాపం అనుకున్నాను.

కెల్విన్ లోపలికి వచ్చి, గోడకి వేలాడదీసిన పాత స్కీల దగ్గర ఆగాడు. స్కీ అంటే మంచు మీద జారేది కాదు లెండి. మనిషి పైన కూర్చుని రెండు వైపులా తెడ్డేసే సన్నపాటి పొడుగు పడవ. అందులో పసుపుపచ్చది మావాడిది. దాని మొన మీద చెయ్యేసి, "ఇంకా ఉంచారా దీన్ని?" అన్నాడు.

"దీన్ని పారేస్తే మా అక్క నన్ను పారేస్తుంది," అన్నాడు రస్సెల్.

"పారెయ్యనూ మరి! దీని వెనక నడుము లోతు నీళ్ళలో నిలబడి నిలబడి నా మోకాళ్ళు పోయాయి."

అబద్ధం కాదు. రస్సెల్ ఆటలో ఉన్నన్నాళ్ళూ వాడి స్కీ పట్టింది నేనే. క్లబ్బు టోపీ గడ్డం కింద ముడేసుకుని, అలలు మొహాన కొడుతుంటే, మొన సముద్రం వైపు పెట్టి కదలకుండా పట్టుకోవాలి. వాడు బోర్డు వదిలి పరుగెత్తుకొచ్చి ఒక్క గెంతులో ఎక్కేస్తాడు. నేను వెనక నుంచి ఒక తోపు తోస్తాను. "పోరా నాన్నా!" అని అరుస్తాను. ఆ తోపులో నా బలమంతా పోయేది. పెళ్ళి చేసుకోవే అని అమ్మ పోరుతుంటే, తమ్ముడి పోటీలు అయిపోయాక చూద్దాంలే అనేదాన్ని. అయిపోయేసరికి చూసేవాళ్ళు లేకపోయారు, అది వేరే కథ.

ఎలాంటి రోజులు అవి! మా నాన్న డెస్మండ్‌కి బేకరీ ఉండేది. గ్లెనిస్ అప్పుడు అక్కడే కౌంటర్లో పనిచేసేది, జడలేసుకుని, ముక్కు మీద ఎండ తగలకుండా తెల్లటి జింకు పూత రాసుకుని. తెల్లారగట్ల రొట్టెలు వీధుల్లో పంచేసి, నాన్న అదే వ్యానులో రస్సెల్‌ని వాగు సముద్రంలో కలిసే చోటికి తీసుకెళ్ళేవాడు. ఏడేళ్ళ వయసులో వాడు మొదటిసారి అలల వరస దాటి అవతలికి వెళ్ళి తిరిగొచ్చినప్పుడు, నాన్న వాడి చేతిలో వేడి రొట్టె పెట్టి, "బాగుంది. రేపు మళ్ళీ వెళ్ళు," అన్నాడు. అంతకు మించిన మెచ్చుకోలు ఆయన నోట ఎప్పుడూ రాలేదు. పోటీలో ఎవడైనా తొండి చేస్తే మాత్రం ఆరునెలలు వాడి మొహం చూసేవాడు కాదు. ఎంత సూటి మనిషో! ఇప్పటికీ వేడి రొట్టె వాసన వస్తే నాకు ఆ వ్యాను, ఆ తడి తువ్వాళ్ళు, నాన్న ఈల, అన్నీ ఒక్కసారి కళ్ళలోకొచ్చేస్తాయి.

తర్వాత కార్న్‌ఫ్లేక్స్ కంపెనీ వాళ్ళు పోటీలు పెట్టారు. ప్రతి ఆదివారం టీవీలో. వడ్రంగం నేర్చుకుంటున్న మావాడు ఉలి పక్కన పడేసి, సముద్రంలో దిగడమే పని చేసుకున్నాడు. తీరం వెంబడి ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి, పైన స్కీలు కట్టుకుని, ఒకే వ్యానులో నలుగురైదుగురు కుర్రాళ్ళు. నీళ్ళలో ఒకడి పీక ఒకడు కొరికేసుకునేవాళ్ళు, ఒడ్డుకొచ్చాక ఒకే పొట్లంలో చేపా చిప్సూ తినేవాళ్ళు. కెల్విన్ మా పక్క ఊరు కింగ్స్ రీఫ్ క్లబ్బు వాడు. వాళ్ళ ఆకుపచ్చ టోపీ కనిపిస్తే మావాళ్ళకి కారం రాసినట్టుండేది. అయినా వ్యాను పాడైతే మా ఇంట్లోనే పడుకునేవాడు, మా అమ్మ చేతి పులుసంతా తాగేసేవాడు.

"ఒరేయ్ కెల్, ఆ బెల్లింజర్ రోడ్డు మీద టైరు పేలితే నువ్వేం చేశావో గుర్తుందా?" అన్నాడు రస్సెల్ నవ్వుతూ.

"టైరు మార్చాను. నువ్వు అద్దంలో జుట్టు దువ్వుకుంటున్నావు."

"అవతల టీవీ వాళ్ళు ఎదురుచూస్తున్నారు మరి!"

"అందుకే నేను టైర్ల కొట్టు పెట్టాను, నువ్వు కార్న్‌ఫ్లేక్స్ డబ్బా మీద బొమ్మవయ్యావు."

నవ్వొచ్చింది నాకు. ఇద్దరూ నవ్వారు. ఒక్క నిమిషం పాటు ఆ షెడ్డులో ముప్ఫై ఏళ్ళు లేవు. కెల్విన్ నవ్వు ముందు ఆగిపోయింది.

"పొద్దున్నే నా కూతురు గిన్నెలో పాలు పోసుకునేది," అన్నాడు. "ఎదురుగా బల్ల మీద డబ్బా. డబ్బా మీద నువ్వు. 'వెనక్కి తిరిగినవాడు' అని కింద రాసి. నేను ఎడం చేత్తో చెంచా కూడా ఎత్తలేను, నువ్వు నా బల్ల మీద కూర్చుని పళ్ళికిలిస్తున్నావు. ఎలా తినమంటావురా?"

"కెల్..."

"నువ్వు చేసింది నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆదివారం నా చేతే నీ పేరు మీద సీసా కొట్టిస్తారా? అందుకు కూడా నేనే కావాలా?"

నేను నోరు తెరిచాను. రస్సెల్ చెయ్యెత్తి ఆపాడు. బకెట్టు మీద నుంచి లేచాడు. వాడి మొహం చూస్తే చాలా కాలంగా మోస్తున్న బరువు దించడానికి చోటు దొరికినవాడిలా ఉంది.

"తెలుసురా," అన్నాడు. "అక్కా, నువ్వూ విను. గ్లెనిస్, నువ్వు కూడా. నేను ఆ రోజు కెల్విన్ కోసం వెనక్కి తిరగలేదు. మూడో డబ్బా కోసం తిరిగాను."

అర్థం కానివాళ్ళకి చెప్తాను. ఆ రోజు స్కీ చివర వచ్చింది. సముద్రంలో మూడు పెద్ద తేలుడు బుడగలు లంగరేసి పెడతారు, మేం వాటిని డబ్బాలనే అంటాం. మూడూ వరసగా చుట్టి రావాలి. ఒక్కటి వదిలినా, అందరికన్నా ముందొచ్చినా సరే, లెక్కలోకి రారు. చిన్నపిల్లల పోటీలో ఎవరైనా డబ్బా వదిలేస్తే పక్కవాళ్ళు ఏడాదంతా ఏడిపిస్తారు. ఐరన్‌మ్యాన్ ఫైనల్లో వదలడమా? పెళ్ళిపీటల మీద పెళ్ళికొడుకు పేరు మరిచిపోయినట్టు!

"రెండోది తిరిగి తలెత్తాను," అన్నాడు రస్సెల్. "మూడోది, ఆకుపచ్చ డబ్బా, ఉండాల్సిన చోట లేదు. చుట్టేశానులే అనుకున్నాను. ఒళ్ళు తెలియని అలసట, బుర్ర పనిచెయ్యలేదు. ఒడ్డు వైపు తిప్పేశాను. కొంచెం దూరం వచ్చాక చూస్తే, లంగరు జారి ఎక్కడో దక్షిణంగా కొట్టుకుపోయి కనిపించింది. చచ్చాన్రా దేవుడా అనుకుని, ఉన్నపళాన వెనక్కి తిప్పి, తల దించుకుని అల మీదికి తెడ్డేశాను. అల దాటేసరికి ఖాళీ స్కీ, నీళ్ళలో నీ టోపీ. అప్పుడు చూశాను నిన్ను. అంతే."

"మరి మాతో ఎందుకు చెప్పలేదురా?" అన్నాను.

"ఎప్పుడు చెప్పను? ఒడ్డుకి రాకముందే మైకులో చెప్పేశారు, తోటివాడి కోసం తిరిగాడని. జనం భుజాల మీదికెత్తారు. నాన్న ఏడుస్తున్నాడు. నాన్న ఏడవడం అదే మొదలు చూడటం, అక్కా. మర్నాడు చెబుదామనుకున్నాను. మర్నాడు పేపర్లో బొమ్మ. తర్వాత గవర్నరు చేతుల మీదుగా సాహస పతకం. తర్వాత పిల్లలు. ఇక ఎక్కడ ఆపను?"

ఎంతైనా నేను వాడి అక్కని. నడుం బిగించాను.

"అయితే ఏమైందిట? డబ్బా కోసమే తిరిగావనుకో. చూసి కూడా వదిలేసి పోయావా? మళ్ళీ డబ్బా చుట్టుకుని పోటీ కొనసాగించి ఉండొచ్చు గదా? లాగావు. ప్రాణం నిలబెట్టావు. అవునా కాదా కెల్విన్?"

"అవును. లాగాడు," అన్నాడు కెల్విన్. రస్సెల్ మొహంలోకే చూస్తున్నాడు. "మిగతాది కూడా చెప్పు."

"మిగతాదేమిటి?"

"ఆడకు రస్."

"నాకు తెలిసింది ఇదేరా. ఇంకేం చెప్పను?"

కెటిల్ మరిగి తనంతట తనే ఆగిపోయింది. కెల్విన్ మొహంలో కోపం మెల్లగా జారిపోయి, దాని స్థానంలో భయం లాంటిది వచ్చింది.

"నీకు నిజంగా తెలీదా?" అన్నాడు.

"ఏం తెలీదు?"

కెల్విన్ పసుపు స్కీకి వీపు ఆనించి కాసేపు బూట్ల వంక చూసుకున్నాడు. చెప్పకుండా వెళ్ళిపోతాడేమో అనుకున్నాను. వెళ్ళిపోతే బాగుండునని కూడా అనుకున్నాను.

"నువ్వు వదిలేసిన డబ్బా నేను చుట్టాను రస్," అన్నాడు చివరికి. "డబ్బా జరిగిపోవడం ముందే గమనించాను. చుట్టి ఇటు తిరిగేసరికి అల దొరికింది. అలాంటి అల మళ్ళీ నా జన్మలో చూడలేదు. తెడ్డు పైకెత్తి కూర్చుంటే చాలు, ఇంటిదాకా తీసుకెళ్ళి దింపేస్తుంది. గెలిచేశాను అనుకున్నాను. నాకంటే ముందు ఎవరూ లేరని నాకు తెలుసు, డబ్బా వదిలినవాడు లెక్కలోకి రాడు గదా. నవ్వుకుంటున్నాను కూడా. అప్పుడు ఎదురుగా నువ్వు."

రస్సెల్ ఒక అడుగు ముందుకేశాడు.

"తల దించుకుని, ఎద్దులా అల మీదికి ఎక్కి వస్తున్నావు. నా స్కీ మొన సూటిగా నీ మెడ మీదికి. అల మీదున్నవాడు ఆగలేడు, నీకు తెలియంది కాదు. అరిచాను."

"ఎవరో అరిచారు," అన్నాడు రస్సెల్ మెల్లగా. "విన్నాను. ఒడ్డున జనం అనుకున్నాను."

"నేనే. వినిపించుకోలేదు నువ్వు. ఇక చేసేదేం లేక ఒళ్ళంతా ఒక పక్కకి విసిరి స్కీని అడ్డంగా తిప్పేశాను. అల నన్నూ దాన్నీ కలిపి మడిచేసింది. భుజం అక్కడే పోయింది. నేను పడలేదు రస్. పడిపోయాడు, మునిగిపోయాడు అంటారు గదా అందరూ. నేను పడలేదు. నిన్ను పొడవకుండా ఉండటానికి నన్ను నేను పడేసుకున్నాను."

ఇన్నేళ్ళూ ఈ మనిషిని తిట్టిన తిట్లన్నీ ఒక్కసారి నా మీదికే తిరిగొచ్చాయి. నా తమ్ముడు బతికున్నది ఇతని వల్ల. ఇప్పుడే కదా, ఈ షెడ్డులోనే కదా, సిగ్గు అమ్ముకున్నావా అన్నాను. నేల చీలితే బాగుండుననిపించింది.

"నేను ఆసుపత్రిలో నీ మంచం పక్కన కూర్చున్నప్పుడు ఎందుకు చెప్పలేదురా?" అన్నాడు రస్సెల్.

"నేను చెప్పడమెందుకు, నీకు తెలుసనుకున్నాను! నువ్వు నా చెయ్యి పట్టుకుని ఏడుస్తూ, 'నాదే తప్పు, నా వల్లే ఇలా అయింది, క్షమించరా' అన్నావు. ఒకసారి కాదు, అదే మాట పదే పదే. ఒప్పుకుంటున్నాడు అనుకున్నాను. రేపు అందరి ముందూ చెప్తాడు అనుకున్నాను. రేపు వచ్చింది, పేపరొచ్చింది, నువ్వు రాలేదు."

"నేను అన్నది డబ్బా గురించిరా. డబ్బా వదిలేసి అడ్డదారిన ముందుకొచ్చాను, నన్ను అందుకోవాలనే నువ్వు అంత పెద్ద అల ఎక్కి పడ్డావనుకున్నాను, అదీ నేనన్నది..."

"ఇప్పుడు తెలుస్తోంది," అన్నాడు కెల్విన్. "ముప్ఫై ఏళ్ళు నిన్ను దొంగ అనుకున్నాను. తెలిసి తెలిసి నా పతకం మీద, నా భుజం మీద పేరు సంపాదించుకున్న దొంగ. రోడ్డంతా నిన్నేమేం తిట్టాలో వల్లెవేసుకుంటూ వచ్చాను. అదంతా బూడిదలో పోసినట్టయింది. నీకు తెలీదు. అయ్యో, నేను రాకుండా ఉండాల్సింది."

రస్సెల్ కొత్త పడవ దగ్గరికి వెళ్ళి, ముక్కు మీద కప్పిన క్లబ్బు జెండా లాగేశాడు. ఎర్రటి అక్షరాలు, ఇంకా రంగు వాసన పోలేదు. తన పేరు వంక తనే అలా చూస్తూ నిలబడ్డాడు. ఈ ఆట వాడికి ఇంకేం ఇచ్చింది చెప్పండి? జాతీయ పతకం రాలేదు. భుజాలు అరిగిపోయాయి, కార్న్‌ఫ్లేక్స్ వాళ్ళు పోటీలు ఎత్తేశారు, పెళ్ళాం విసిగి వెళ్ళిపోయింది. మిగిలింది ఈ పేరొక్కటే. ప్రతి ఆదివారం పొద్దున చిన్నపిల్లలు ఇసుకలో చుట్టూ కూర్చుంటే, తోటివాడు కనబడకపోతే గెలుపు వదిలేసి వెనక్కి తిరగాలర్రా అని వాడు చెప్పే మాట కూడా ఈ పేరు మీదే నిలబడి ఉంది.

"దీన్ని చెరిపేద్దాం," అన్నాడు. "కెల్విన్ బ్రాడీ అని రాద్దాం."

"నీకేమైనా పిచ్చెక్కిందా?" అన్నాం నేనూ కెల్విన్ ఒకేసారి.

"వర్రాబీ పడవ మీద కింగ్స్ రీఫ్ వాడి పేరా!" అన్నాను. చూశారా, అంత దుఃఖంలోనూ నాకు తట్టింది అదే. "నాన్న సమాధిలోంచి లేచొచ్చి కొడతాడు."

"మీ నాన్న సంగతి సరే, మావాళ్ళు నన్ను బతకనిస్తారా?" అన్నాడు కెల్విన్. "శత్రువుల పడవ మీద నా పేరా? ఊళ్ళో అడుగు పెట్టనివ్వరు. నాకు పేరొద్దురా, ఏమీ వద్దు. ఇన్నాళ్ళు నీ నోటి నుంచి ఒక్క మాట కావాలనుకున్నాను. అది కూడా ఇప్పుడు అక్కర్లేదు."

"నీకు అక్కర్లేకపోవచ్చు. నాకు కావాలి." రస్సెల్ కళ్ళు తుడుచుకున్నాడు. "రేపు సీసా కొట్టే ముందు నేనే చెప్తాను. అందరి ముందూ. పిల్లల ముందు కూడా."

వెళ్ళి వాడి చెయ్యి పట్టుకున్నాను. "వద్దురా నాన్నా. నా మాట విను. ఆదివారం నీ చుట్టూ కూర్చునే ఆ పిల్లలు నిన్ను దేవుడనుకుంటున్నారు. కెల్విన్ వద్దంటున్నాడు గదా. పేరు తీయించెయ్, బాగాలేదని చెప్పు, ఒంట్లో నలతగా ఉందని చెప్పు. ఇది మాత్రం చెప్పకు. చెప్పినా ఎవరు నమ్ముతారు? ముసలితనంలో మతి పోయిందంటారు. ఆ అల వెనక ఏం జరిగిందో మీ ఇద్దరికి తప్ప ఇంకెవరికి తెలుసు? చూసిందెవరు?"

పళ్ళెం బల్ల మీద పెట్టిన చప్పుడైంది.

"నేను," అంది గ్లెనిస్.

ముగ్గురం అటు తిరిగాం. ఆ రోజు వాళ్ళిద్దర్నీ రబ్బరు పడవలో ఒడ్డుకి తెచ్చింది గ్లెనిసే. అది ఊరందరికీ తెలుసు. తను వెళ్ళేసరికే రస్సెల్ అతన్ని తన స్కీ మీదికి లాగేశాడని ఇన్నేళ్ళూ ఎంతమందికి చెప్పిందో లెక్కలేదు. నేనే వందసార్లు విన్నాను.

"నేను తర్వాత వెళ్ళలేదు," అంది. చేతులకంటిన కొబ్బరికోరు గౌనుకి తుడుచుకుంటూ ఉండిపోయింది. "మొదట్నించీ మూడో డబ్బా పక్కనే ఉన్నాను. ఎవరు చుట్టారో ఎవరు వదిలారో చూసే జడ్జిని గదా నేను. రస్సెల్ వదిలేశాడు, చూశాను. కెల్విన్ చుట్టాడు, చూశాను. కెల్విన్ అరవడం విన్నాను. స్కీ తిప్పేసుకోవడం కూడా చూశాను."

కెల్విన్ ఉలిక్కిపడతాడనుకున్నాను. లేదు.

"తెలుసు," అన్నాడు. "పడేముందు నాకు ఆఖరున కనిపించింది నువ్వే. ఆసుపత్రిలో కళ్ళు తెరిచినప్పటి నుంచి రస్సెల్ మీద ఎంత ఆశ పెట్టుకున్నానో, నీ మీద అంతకంటే ఎక్కువ పెట్టుకున్నాను. ఆ పిల్ల జడ్జి, ఆ పిల్ల చెప్తుంది అనుకున్నాను. నువ్వు నన్ను ఈ పడవకి పిలిచినప్పుడు, ఇప్పటికైనా చెప్పడానికే పిలిచిందనుకున్నాను."

"అందుకే పిలిచాను."

"అయితే ఆ రోజే ఎందుకు చెప్పలేదు?" అన్నాడు రస్సెల్. "పంతొమ్మిదేళ్ళ పిల్లవి, నీకేం భయం? ఎవరికి భయపడ్డావు?"

గ్లెనిస్ రస్సెల్ వైపు చూడలేదు, కెల్విన్ వైపు చూడలేదు. నా దగ్గరికి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది.

"చెప్పాను లోరీ," అంది. "ఒడ్డుకి రాగానే మొట్టమొదట మీ నాన్నకే చెప్పాను. ఎవరికీ చెప్పొద్దని నా చేతులు పట్టుకుని ఆయన ఏడ్చింది అప్పుడే."